ఎవరి తేదీ వాళ్ళకే గుర్తు

మా ఇంటి పైపోర్షన్ ఖాళీ అయి నెల కావస్తోంది. గేటుకు టు-లెట్ బోర్డు కట్టాం, కొత్తపేటలో ఒక బ్రోకర్‌కి కూడా చెప్పి పెట్టాం. మొన్న ఆయన ఫోన్ చేసి అద్దె ఎంత, నీళ్ళు ఎట్లా వస్తాయి, కారు పెట్టుకోవచ్చా అని అన్నీ అడిగి, చివర్లో "ఎవరికైనా ఇస్తారా సార్, మనోళ్ళకేనా?" అన్నాడు. అడగడానికి ఆయనకేమీ ఇబ్బంది లేదు. బోరు ఎన్ని అడుగులు అని అడిగినట్టే అడిగాడు. "మనోళ్ళు" అంటే ఎవరో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. "రేపు చెప్తా" అని పెట్టేశాను. రేపు ఎందుకు, అప్పుడే ఎందుకు చెప్పలేకపోయానా అని రాత్రంతా అదే ఆలోచన. ఆలోచన పోయి పోయి 2013 దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ళ దగ్గర ఆగింది. నిద్ర పట్టక ఇది రాయడం మొదలుపెట్టాను.

2013లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నా. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా వైపు నుంచి వచ్చేవాళ్ళకు హైదరాబాద్ అంటే ముందు దిల్‌సుఖ్‌నగరే, విజయవాడ రోడ్డు మీద వస్తే బస్సు దిగేది అక్కడే. కోచింగ్ సెంటర్లు, వాటి మీద హాస్టళ్ళు, కింద జిరాక్స్ షాపులు, సందు మొదట్లో టిఫిన్ బండ్లు. సాయంత్రం ఏడింటికి క్లాసులు వదిలితే రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదు. ఊరి నుంచి వచ్చిన డబ్బులు నెలాఖరుకు అయిపోయినా మిర్చి బజ్జీకి, చాయ్‌కి మాత్రం ఎట్లాగో సరిపెట్టుకునేవాళ్ళం. ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఎప్పుడు చూసినా గుంపే. బాంబు పెట్టినవాడు కూడా ఆ గుంపు చూసుకునే పెట్టాడు.

ఆ రోజు ఫిబ్రవరి 21, గురువారం. నేను లోపలి సందులో జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నా, పాలిటీ నోట్స్ ఎనభై పేజీలు. ఏడు అవుతుండగా పెద్ద చప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టుందన్నాడు షాపాయన, కాగితాలు సర్దుతూనే. కాసేపటికే ఇంకోటి. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. షాపాయన మిషన్ ఆపేసి, సగం తీసిన జిరాక్సులు నా చేతిలో పెట్టి, డబ్బులు కూడా అడగకుండా షట్టర్ దించాడు. 2002లో సాయిబాబా గుడి దగ్గర పేలుడు జరిగినప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నాడట, తర్వాత చెప్పాడు.

నేను మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాను, లోపలికి పోలేదు. పోలీసులు తోసేస్తున్నారు. నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపించేది చెప్పులు. జతలు కావు, ఒక్కొక్కటి. ఒకటి ఇక్కడ, ఇంకెక్కడో ఇంకొకటి. పక్కనే తడిసిన స్పైరల్ బైండింగ్ పుస్తకం, మేం చదివేలాంటిదే, మీద ఏ సెంటర్ మెటీరియలో కూడా గుర్తుపట్టాను. అంతకంటే నేను చూడలేదు, చూసినట్టు రాయను.

రెండు సైకిళ్ళకు రెండు బాంబులు కట్టారు. ఒకటి 107 బస్టాప్ దగ్గర, రెండోది ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది పోయారు, 130 మందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, బజ్జీలు తింటున్నవాళ్ళు, క్లాసు అయిపోయి రూముకు పోతున్న పిల్లలు.

ఫోన్లు కలవలేదు. అందరూ ఒకేసారి చేస్తుంటే ఎట్లా కలుస్తాయి. ఊళ్ళో మా అమ్మ టీవీ ముందు కూర్చుని నా నంబర్ కొడుతూనే ఉంది, "మీరు డయల్ చేసిన నంబర్..." అనే ఆడమనిషి గొంతు తప్ప ఇంకేమీ రాలేదు. ఆ గొంతు వింటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందంటుంది. ఆమెకు ముందు ఫోన్ చేసింది నేను కాదు, నా రూమ్మేట్. వాడు అప్పుడు మలక్‌పేటలో ఎవరో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉన్నాడు. వార్త చూసి, నా కోసం నడుచుకుంటూ వచ్చి, హాస్టల్ మెట్ల మీద నన్ను చూసి, నన్ను పట్టుకుని గట్టిగా ఊపి, మళ్ళీ వెనక్కి మలక్‌పేట దాకా పోయి, అక్కడ ల్యాండ్‌లైన్ ఉన్న షాపులో నుంచి మా అమ్మకు చేశాడు. నేను ఆమెతో మాట్లాడేసరికి రాత్రి పది దాటింది. "ఏడున్నవ్ బిడ్డా" అని ఒకే మాట అంటూ పోయింది. హాస్టల్లో ఉన్నానమ్మా అన్నా కూడా మళ్ళీ అదే, "ఏడున్నవ్ బిడ్డా."

ఇప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. అయినా సాయంత్రం ఏడు దాటి నేను ఇంటికి రాకపోతే ఫోన్ చేస్తుంది. ఎందుకు చేస్తున్నదీ ఆమె ఎప్పుడూ చెప్పదు, నేను అడగను. పేలుళ్ళ ప్రభావం అని పేపర్లలో రాస్తే అందులో ఈ ఏడింటి ఫోన్ ఉండదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు దిల్‌సుఖ్‌నగర్‌కు వీఐపీలు వచ్చిపోయారు. కేంద్ర హోంమంత్రి షిండే మర్నాడే వచ్చారు, ప్రధాని మన్మోహన్ సింగ్ ఆదివారం వచ్చారు. నిఘా వర్గాల సమాచారం రెండు రోజుల ముందే రాష్ట్రాలకు ఇచ్చామని హోంమంత్రి అన్నారు. దాని మీద కొన్నాళ్ళు గొడవ నడిచింది, తర్వాత అదీ పోయింది. సందుల్లో మాత్రం ఏదీ మామూలు కాలేదు. మరీ ముఖ్యంగా సైకిళ్ళు.

ఒక పొద్దున మా హాస్టల్ ఎదురుగా కరెంటు స్తంభానికి ఒక సైకిల్ ఆనించి ఉంది. పాత హెర్క్యులిస్, హ్యాండిల్‌కు ఖాకీ సంచి, సంచి నోరు తాడుతో కట్టి ఉంది, వెనక క్యారియర్ మీద ట్యూబు ముక్క చుట్టి ఉంది. పేలుళ్ళ ముందు దాకా అట్లాంటి సైకిల్ కేసి ఎవరూ తల తిప్పి కూడా చూసేవాళ్ళు కాదు. ఆ రోజు పది నిమిషాల్లో సందంతా ఖాళీ. ఇడ్లీ బండి ఆయన పొయ్యి ఆర్పేశాడు. ఎవరో వందకు చేశారు. మేమందరం మేడ మీద నుంచి ఆ సంచినే చూస్తున్నాం, గాలికి తాడు కొస కదిలితే వెనక్కి జరిగేవాళ్ళం. అప్పుడు పదిహేనేళ్ళ పిల్లాడొకడు ఎదురు బిల్డింగ్ మెట్లు దిగుతూ వచ్చాడు, చంకలో పేపర్లు. వాడిదే సైకిల్, పేపర్లు వేయడానికి మూడో అంతస్తుకు పోయాడు. అప్పటికే వచ్చిన కానిస్టేబుల్ వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాడు. మొదట అడిగింది సంచిలో ఏముందని కాదు. "పేరేంది?" అన్నాడు. పిల్లాడు చెప్పాడు. ఆ పేరు వినగానే మా మేడ మీద అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి, నావి కూడా. సంచి ఇంకా విప్పనే లేదు. అప్పటికే మాకు భయం పోయింది.

నా పక్కనే నా రూమ్మేట్ ఉన్నాడు. వాడు మహబూబ్‌నగర్ పిల్లాడు. పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు, పొద్దున్నే ఐదింటికి లేచి సరూర్‌నగర్ స్టేడియంలో పరిగెత్తేవాడు. ముస్లిం. వాడు మా భుజాల కేసి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత హాస్టల్ ఓనర్ వాణ్ణి పిలిచి మాట్లాడాడు. కోపంగా ఏమీ కాదు, చాలా మర్యాదగానే. "ఏమనుకోకు బాబూ, నువ్వు మంచోనివే. రేపు పోలీసోళ్ళొచ్చి లిస్టు అడిగితే మాకు తలనొప్పి. నెల అడ్వాన్స్ మొత్తం వాపస్ ఇస్తా." నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, నాకు అంతా వినబడింది. నేను ఒక్క మాట అనలేదు. ఓనర్ నన్ను కూడా వెళ్ళిపొమ్మంటాడనా, పరీక్షల టెన్షన్‌లో మళ్ళీ రూము వెతుక్కోలేకనా, ఏమో. కారణం ఏదైనా నోరు మాత్రం తెరవలేదు. వాడు ట్రంకుపెట్టె, పరుపు ఆటోలో వేసుకుని చంచల్‌గూడ వైపు ఒక రూముకు పోయాడు. పెట్టె ఆటోలోకి ఎక్కించడానికి చెయ్యి వేశాను. నేను చేసిందల్లా అదే.

వాడు కొత్త రూముకు నన్ను భోజనానికి పిలిచాడు, అదే నెలలో. వాళ్ళమ్మ పంపిన జొన్న రొట్టెలు, గోంగూర మటన్. తింటూ ఉండగా ఏదో మాట మీద "మే 18న నువ్వు ఎక్కడున్నవ్ మామా?" అన్నాడు. ఏ మే 18 అన్నాను. నిజంగానే నాకు గుర్తు రాలేదు. వాడు రొట్టె తుంచుతూ కాసేపు ఊరుకుని, తర్వాత చెప్పాడు.

2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదు. మధ్యాహ్నం నమాజు వేళ, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే (వజూ) చోట రాతి బల్ల కింద పెట్టిన బాంబు సెల్‌ఫోన్‌తో పేల్చారు. తొమ్మిది మంది పోయారు. పేలని బాంబు కూడా దొరికింది. ఆ తర్వాత బయట కోపంతో ఉన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇంకో ఐదుగురు పోయారు. వాడి పెద్దమ్మ కొడుకు ఆ రోజు లోపలే ఉన్నాడు, రెండో వరసలో. దెబ్బ తగల్లేదు కానీ ఎడమ చెవి పోయింది. అంతకంటే వాడు మర్చిపోలేనిది తర్వాత జరిగింది. మసీదులో బాంబు పేలితే, ఆ మసీదు చుట్టుపక్కల కుర్రాళ్ళనే పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకు తెలియదు. కరెంటు షాకులు ఇచ్చారని చాలామంది చెప్పారు. తర్వాత కోర్టులు వాళ్ళను వదిలేశాయి. 2012లో ప్రభుత్వమే 20 మందికి 3 లక్షల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది, మైనారిటీ కమిషన్ చెప్పిన మీద. ఆ పరిహారాన్ని కూడా తర్వాత 2013లోనే హైకోర్టు కొట్టేసింది.

ఇదంతా ఇదే నగరంలో జరిగింది, నేను తెలుగు పేపర్ రోజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాణ్ణి, కరెంట్ అఫైర్స్ కోసం. అయినా తేదీ గుర్తు లేదు. ఆగస్టు 25 అడిగి ఉంటే మాత్రం ఠక్కున చెప్పేవాణ్ణి. లుంబినీ పార్కులో లేజర్ షో, కోఠిలో గోకుల్ చాట్, శనివారం సాయంత్రం, 40 మందికి పైగా మరణం. లుంబినీలో పోయినవాళ్ళలో మహారాష్ట్ర నుంచి టూర్‌కు వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలున్నారు. మూడో బాంబు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలకుండా దొరికింది. అన్నీ తెలుసు నాకు. మా బంధువుల ఇళ్ళల్లో ఆగస్టు 25 గురించి మాట్లాడుకునేవాళ్ళు, మే 18 గురించి ఎవరూ మాట్లాడలేదు.

మక్కా మసీదుకు ప్రతీకారంగానే ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థ వాళ్ళు ఆగస్టు పేలుళ్ళు చేశారని దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పారు. కోఠిలో పానీపూరీ తింటున్నవాడు ఎవరికి ఏం చేశాడు? చంపినవాళ్ళు పేరు అడగలేదు, మతం అడగలేదు, గోకుల్ చాట్ ముందు అన్ని రకాల మనుషులూ నిలబడతారు. పేర్లు అడగడం తర్వాత మేం మొదలుపెట్టాం.

హైదరాబాద్‌కు ఇప్పుడు ఇట్లాంటి తేదీలు మూడు ఉన్నాయి. మే 18 వస్తే పాతబస్తీలో బందోబస్తు. ఆగస్టు 25 వస్తే కోఠిలో ఫోటోలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫిబ్రవరి 21 వస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో పూలు. మూడు చోట్లకూ మధ్య దూరం ఎంత? చార్మినార్ నుంచి కోఠి మూడు కిలోమీటర్లు లేదు, కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఐదారు. ఆటోలో గంటలో మూడూ చుట్టి రావచ్చు. కానీ ఒకరి తేదీన ఇంకొకరు వెళ్ళగా నేను చూడలేదు. నేను వెళ్ళలేదు. బాంబు చంపింది చంపగా, మిగిలినవాళ్ళను ఇట్లా విడివిడిగా ఏడ్చేలా చేసింది, నాకు దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి కనబడదు.

కోర్టు తీర్పులు కూడా ఈ చీలికను ఎక్కువ చేశాయి. 2018 ఏప్రిల్ 16న మక్కా మసీదు కేసులో హిందుత్వ సంస్థల్లో పనిచేసిన స్వామి అసీమానంద సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నాంపల్లి ప్రత్యేక కోర్టు నిర్దోషులంది. ఆయన ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని తర్వాత కాదన్నాడు, నేరం రుజువు కాలేదంది కోర్టు. తీర్పు ఇచ్చిన జడ్జి అదే రోజు రాజీనామా ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో గోకుల్ చాట్, లుంబినీ కేసులో ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబర్‌లోనే ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్‌తో కలిపి మొత్తం ఐదుగురికి ఉరి పడింది, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ మాత్రం దొరకనే లేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కోఠిలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి పదకొండేళ్ళకైనా ఒక పేరు దొరికింది, ఫలానావాడు చేశాడని. మక్కా మసీదులో తండ్రిని పోగొట్టుకున్నవాడికి పదకొండేళ్ళకు ఎవరూ చేయలేదని చెప్పారు. తొమ్మిది మందిని ఎవరు చంపినట్టు మరి? ఈ ప్రశ్న ముస్లింలే అడగాల్సిన ప్రశ్న కాదు, నగరం మొత్తం అడగాలి. తీర్పు వచ్చిన రోజు మా ఆఫీసులో దాని మీద ఒక్క మాట కూడా వినబడలేదు, సెప్టెంబర్ తీర్పు రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర గంట మాట్లాడుకున్నాం. నేను కూడా ఆ గంటలో ఉన్నాను.

ఇక కెమెరాలు. దిల్‌సుఖ్‌నగర్ తర్వాతే 2013లో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది, జనం ఎక్కువ వచ్చే షాపులు, హాళ్ళు సీసీ కెమెరాలు పెట్టాలి, రికార్డింగ్ 30 రోజులు దాచాలి అని. ఆ తర్వాత కాలనీల వాళ్ళే చందాలు వేసుకుని పెట్టించుకునేలా పోలీసులు "నేను సైతం" అని కార్యక్రమం నడిపారు, మా కాలనీలో కూడా తలా ఇంత వేసుకున్నాం. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. నేను కెమెరాలకు వ్యతిరేకం కాదు, మా అమ్మాయి ట్యూషన్ నుంచి ఒక్కతే నడిచి వస్తుంది, వీధి చివర కెమెరా ఉందంటే నాకు ధైర్యం. కానీ అదే కెమెరా అందరినీ ఒకేలా చూస్తుందని నమ్మలేకపోతున్నా. 2021లో లాక్‌డౌన్ రోజుల్లో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయించబోయి, వద్దన్నా ఫోటో తీసుకున్నారు. మొహాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మీద ఆయన హైకోర్టుకు వెళ్ళారు. నా పన్నెండేళ్ళ ఉద్యోగంలో నన్ను రోడ్డు మీద ఆపి ఫోటో తీసినవాళ్ళు లేరు. తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ అని తలుపు కొట్టి బండి కాగితాలు, ఆధార్ అడగడం మా రూమ్మేట్ వాళ్ళ చుట్టాల బస్తీలో మూడు సార్లు జరిగింది, మా వీధిలో ఒక్కసారి కూడా జరగలేదు.

ఎన్నికలొస్తే ఇదంతా మైకుల్లోకి ఎక్కుతుంది. 2020 గ్రేటర్ ఎన్నికల్లో పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు అన్నారు. మన ఊళ్ళోనే ఉన్న వీధుల మీద! ఆ వీధుల్లోనే మా ఇంట్లో పెళ్ళిళ్ళకు గాజులు కొంటాం, ఆ గాజులోళ్ళతో బేరమాడతాం. ఆ మాట మీద చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా మరుసటి వారం లాడ్‌బజార్ పోయే ఉంటారు. అటువైపు నాయకులు కూడా తక్కువ తినలేదు, "మా వాళ్ళ" లెక్క తప్ప గోకుల్ చాట్ లెక్క వాళ్ళ ప్రసంగాల్లో నేను వినలేదు. ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క, ఓట్ల దాకా రెండూ బాగానే పనికొచ్చాయి.

పనికిరానిది గాయపడ్డవాళ్ళకే. కాలు పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు, ఒంట్లో ఇనుప ముక్కలు ఉండిపోయినవాళ్ళు. ప్రతి ఏడాది ఆ తేదీ ముందు రోజు టీవీవాళ్ళు వెళ్ళి మైకు పెడితే, ఇస్తామన్న ఉద్యోగం రాలేదని, మందుల ఖర్చులు భరించలేకపోతున్నామని చెప్తారు. మర్నాటికి ఇంకో వార్త. మా హాస్టల్లో కింది అంతస్తు కుర్రాడొకడు, పేలుడులో తొడకు ముక్క దిగింది, మూడు ఆపరేషన్లు అయ్యాయి, ఎస్ఐ కావాలనుకున్నవాడు పరిగెత్తలేక ఊరికి పోయి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కొన్నేళ్ళ కింద ఒక పెళ్ళిలో కలిశాడు. కుర్చీలో కూర్చోవాలంటే ముందు కాలు చాపి, చేత్తో తొడను పట్టుకుని, తర్వాత కూర్చుంటున్నాడు. ఉరి ఖాయమైందని వార్త వచ్చిన రోజు ఫోన్ చేస్తే, "అయితే మంచిదే అన్నా, నా పింఛన్ సంగతి ఎవర్ని అడగాలె?" అన్నాడు.

రాత్రి ఇంతవరకు రాసి పడుకున్నా. పొద్దున చాయ్ తాగుతూ అమ్మకు బ్రోకర్ మాట చెప్పాను. ఆమె వెంటనే, "మనోళ్ళకే ఇద్దాం బిడ్డా. ఎందుకొచ్చిన లొల్లి. ఇంట్ల చిన్న పిల్లలున్నరు" అంది. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు, నాకు తెలుసు. ఆమెకు ఉన్నది భయం, ఆ రాత్రి పట్టుకున్న భయమే. దాని మీద నేను ఉపన్యాసం ఇవ్వలేను. మూడు గంటలు ఆ ఫోన్ గొంతు విన్నది ఆమె.

కానీ ఇన్నేళ్ళు చెప్పని సంగతి చెప్పాను. హాస్టల్ నుంచి నా రూమ్మేట్ ఎందుకు పోయాడో. వాడికి వేరే మంచి రూము దొరికిందని అప్పుడు అబద్ధం చెప్పాను ఆమెకు.

అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"గా పిలగాడా? నాకు ఫోన్ చేసినోడా?"

"ఆ."

"ఎల్లగొట్టిన్రా గాయన్ని?"

"అడ్వాన్స్ వాపస్ ఇచ్చి పంపించారమ్మా."

"నువ్వేమన్నవ్ మరి?"

"ఏమనలేదు."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. లేచి వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోసింది, అవసరం లేకపోయినా రెండు బకెట్లు. తర్వాత లోపలికి వచ్చి, "గాయన ఇప్పుడేం చేస్తున్నడు?" అని అడిగింది. జడ్చర్ల దగ్గర సర్కారు బడిలో టీచరు అని చెప్పాను. పోలీసు ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తలేదు వాడు, నేనూ అడగలేదు. "ఒకపారి రమ్మనరాదు" అంది.

బ్రోకర్‌కి ఫోన్ చేసి ఎవరికైనా సరే అని చెప్పాను. "ఎవరికైనానా సార్?" అని రెండు సార్లు అడిగాడు. రెండు సార్లు చెప్పాను.

ఆదివారం ఇద్దరు మొగుడూ పెళ్ళాలు వచ్చారు, చిన్న బాబుతో. ఆమె బురఖాలో ఉంది. అతను సైదాబాద్‌లో మెడికల్ షాపులో చేస్తాడట. గేటు దగ్గరే నిలబడి అతను ముందుగా, మేం అడగకుండానే, జేబులోంచి ఆధార్ కార్డు తీసి నా చేతికివ్వబోయాడు. ఎన్ని గేట్ల దగ్గర తీసి ఉంటాడో, అలవాటైపోయిన చెయ్యి. లోపల పెట్టుకోండి, ముందు ఇల్లు చూడండి అన్నాను. ఆమె వంటగది చూసింది, సింకు కింద పైపు కారుతోందా అని వంగి చూసింది, మంజీరా నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగింది.

మా అమ్మ మోకాళ్ళ నొప్పితో పైకెక్కదు ఎప్పుడూ. ఆ రోజు మెట్లు ఎక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుని చెప్పింది: "దినం తప్పి దినం వస్తయమ్మా, పొద్దుగాల ఆరింటికి. బిందెలు ముందే పెట్టుకోవాలె, అర్ధగంటనే ఉంటయి."